మోకిల నుంచి గ్రీనిచ్ దాకా ఒక్కదాన్నే

మా మోకిల చుట్టుపక్కల పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు ఇప్పుడు వీధికి నాలుగైనా ఉంటాయి. శంకర్‌పల్లి రోడ్డు మీద విల్లాలు లేచాక వచ్చిన కొత్తవాళ్ల సంగతి సరే, మొన్నమొన్నటిదాకా గులాబీలు, టమాటాలు పండించిన చేవెళ్ల, మొయినాబాద్ ఇళ్ల పిల్లలు కూడా వెళ్తున్నారు. వీసా కోసం చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు, వచ్చాక 108. లోకమంతా వచ్చి తిరిగే ఆ గుడి మాకు గండిపేట చెరువుకు అవతలే. పిల్లలు వెళ్లిన కొన్నేళ్లకు అమ్మానాన్నలు వెళ్తారు. తిరిగొచ్చినవాళ్లను "ఏం చూసిండ్రు?" అని అడిగితే దాదాపు ఒకటే జవాబు: "శనాదివారాలు తిప్పిండ్రు. మిగతా రోజులు ఇంట్లనే."

ఆ మిగతా రోజుల గురించే ఇది.

నేను ప్రభుత్వ పాఠశాలలో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని. మా బిడ్డ, అల్లుడు లండన్‌లో ఈస్ట్ హామ్ వైపు ఉంటారు. ఆ పేట మనకు కొత్తగా ఏమీ ఉండదు. దోసెల హోటళ్లు, చీరల కొట్లు, మహాలక్ష్మి గుడి, కరివేపాకు, గోంగూర అన్నీ దొరుకుతాయి. అక్కడే తిరుగుతూ ఉంటే ఆరు నెలల వీసా హాయిగా గడిచిపోతుంది. కానీ పొద్దున ఎనిమిదికి ఇద్దరూ ఆఫీసుకు బయలుదేరాక, ముప్పై ఏళ్లు బ్లాక్‌బోర్డు మీద నేను గీసిన ఊరు కిటికీ అవతల ఉండగా, సీరియల్ చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. మా బిడ్డ మొదట ఒప్పుకోలేదు. "అమ్మా, వీకెండ్ నేనే తీసుకపోత కదా" అంది. తీసుకెళ్లింది కూడా. అందరం కలిసి వెళ్తే లండన్ ఫొటోలకు వెనక కనబడే గోడ అవుతుంది. ఒకరికి ఆకలి, ఇంకొకరికి పార్కింగ్, మనవరాలికి నిద్ర. ఇంటికొచ్చాక ఏం చూశామో ఫోన్‌లో వెతుక్కోవాలి.

పరాయి నగరంలో ఒక్కరే తిరగాలంటే భయం ఎక్కువగా దారి తప్పడం గురించే. ఆ భయం తీర్చింది బస్సు. లండన్ బస్సులో 2014 నుంచి నగదు తీసుకోరు. ఆయిస్టర్ కార్డో, బ్యాంకు కార్డో ఎక్కేటప్పుడు ఒకసారి తాకిస్తే చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు. నేను వెళ్లినప్పుడు టికెట్ ఒకటిన్నర పౌండ్ల పైచిలుకు. మొదటి బస్సులో తాకించిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ డబ్బు పడదు. అంటే తప్పు బస్సు ఎక్కినా పోయేదేమీ లేదు, తర్వాతి స్టాపులో దిగి అవతలి వైపు నుంచి ఇంకోటి ఎక్కడమే. రోజుకింతని ఒక పరిమితి కూడా ఉంది, అది దాటితే ఎంత తిరిగినా డబ్బు కోసుకోదు. మెట్రో రైలుకు మాత్రం లోపలికి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు రెండుసార్లూ అదే కార్డు తాకించాలి. కార్డుతో మొదలుపెట్టి ఫోన్‌తో ముగిస్తే యంత్రానికి మీరు ఇద్దరు మనుషులు. అరవై దాటినవాళ్లకు ఉచిత పాసుందని విని సంబరపడ్డాను. అది అక్కడ నివాసముండేవాళ్లకేనట.

డబుల్ డెక్కర్ పైఅంతస్తులో అన్నిటికన్నా ముందున్న సీటు దొరికితే వేరే టూరు బస్సు అక్కర్లేదు. 24 నంబరు బస్సు పార్లమెంటు దగ్గర నుంచి ట్రఫాల్గర్ స్క్వేర్ మీదుగా కామ్‌డెన్ వైపు పోతుంది. చిన్నప్పుడు సికింద్రాబాద్ నుంచి జూపార్కు పోయే డబుల్ డెక్కర్‌లో పైన కూర్చోవడానికి అన్నదమ్ములతో కొట్లాడినదాన్ని. ఇక్కడ పోటీకి ఎవరూ లేరు.

భూగర్భ రైలు లండన్‌లో 1863లోనే నడిచింది, మన దగ్గర ఇంకా నిజాం రైలు కూడా రాని కాలంలో. దాని మ్యాపు చూసి మాత్రం ఊరి దూరాలు లెక్క వేయకూడదు. హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ గీసిన ఆ మ్యాపును 1933లో జనానికి పంచారు. అందులో వంకర లైన్లన్నీ తిన్నగా అయ్యాయి, స్టేషన్లన్నీ సమ దూరంలో కూర్చున్నాయి. ఏ లైను ఎక్కడ మారాలో చెప్పడానికి అంత గొప్ప బొమ్మ లేదు. కానీ లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్ల మధ్య నిజమైన దూరం సుమారు 260 మీటర్లు. మెట్లు దిగి రైలు కోసం నిలబడేలోపు నడిచి వెళ్లిపోవచ్చు. నడిచేవాళ్ల కోసం సెంట్రల్ లండన్ వీధుల్లో నిలువు పలకల మీద మ్యాపులు పెట్టారు. వాటిలో ఉత్తరం పైన ఉండాలన్న నియమం లేదు. మీరు ఎటు చూస్తూ నిలబడితే అటువైపే పైన ఉంటుంది, ఐదు నిమిషాల్లో నడిచి చేరగలిగే మేర ఒక గీత గీసి ఉంటుంది. మ్యాపుకు పైన ఉత్తరం ఉంటుందని పిల్లల చేత వల్లె వేయించిన నేను ఆ పలక ముందు చాలాసేపు నిలబడిపోయాను.

ఇక ఏం చూడాలన్నది. పుస్తకాల్లో, ఫోన్లలో "తప్పక చూడాల్సిన పది" అని ఉంటాయి. వాటిని పక్కన పెట్టి, నేను పాఠం చెప్పినవాటినే చూడాలనుకున్నాను. రోజుకు ఒకటి చాలు.

అందరూ అడిగేది కోహినూర్. గోల్కొండ వజ్రమని, కృష్ణా ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని మనం చెప్పుకుంటాం. 1849లో లాహోర్ ఒప్పందం కింద ఇంగ్లీషువాళ్లు దాన్ని పదేళ్ల సిక్కు రాజు దులీప్ సింగ్ చేత ఇప్పించుకున్నారు. 1852లో కోత పెడితే 186 కారట్ల రాయి 105.6 కారట్లకు వచ్చింది. లండన్ టవర్‌లో కిరీటాల ముందు కదిలే పట్టీ ఉంటుంది, దాని మీద నిలబడితే ఆగకుండా తీసుకెళ్లిపోతుంది. టికెట్ ముప్పై పౌండ్ల పైన. కళ్ల ముందు అర నిమిషం కనబడే రాయికి అంత పెట్టబుద్ధి కాలేదు. బయట నుంచి కోట చూసి వచ్చేశాను.

దానికి బదులు బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లాను. ప్రవేశం ఉచితం, కాబట్టి ఒక్కరోజులో అంతా చూసెయ్యాలన్న ఆరాటం లేదు. జనమంతా ఈజిప్టు మమ్మీల వైపు, రొసెట్టా రాయి వైపు తోసుకుంటూ పోతారు. నేను 33ఎ నంబరు గది అడిగాను. అందులో ఉన్నవి మన అమరావతి స్తూపం రాళ్లు.

శాతవాహనుల పాఠంలో ధరణికోట, అమరావతి అని ఎన్ని ఏళ్లు చెప్పానో! పుస్తకంలో దాని బొమ్మ అగ్గిపెట్టెంత. ఇక్కడ అద్దం వెనక, గాలిలో తేమ సరిచూస్తూ, మనిషిని మించిన పలకలు నిలబడి ఉన్నాయి. 1797 ప్రాంతంలో సర్వేయరు కాలిన్ మెకంజీ ఆ స్తూపం దిబ్బను చూసేటప్పటికే ఊళ్లో కట్టడాలకు దాని రాళ్లు తవ్వుకుపోతున్నారు. 1845లో గుంటూరు కమిషనర్ వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపాడు. అక్కడ కొన్నేళ్లు ఎండకు, వానకు ఉన్న రాళ్లు 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. వీటిని "ఇలియట్ మార్బుల్స్" అనేవారు. నిజానికి అది పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. మిగిలినవి మద్రాసు ఎగ్మూర్ మ్యూజియంలో, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి.

ఒక పలక రెండు వైపులా చెక్కినది. ఒకవైపు క్రీస్తుకు పూర్వపు పని: ఖాళీ సింహాసనం, బోధివృక్షం, చుట్టూ మొక్కుతున్న మనుషులు. బుద్ధుడి రూపం ఇంకా చెక్కని కాలం అది. మూడు నాలుగు వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, వెనకవైపు ఏకంగా స్తూపం మొత్తం చెక్కారు, సింహాలతో, స్తంభాలతో, ప్రదక్షిణ చేసే జనంతో. అమరావతి స్తూపం నిలిచి ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఇవాళ ఊహించగలుగుతున్నామంటే ఇలాంటి పలకల వల్లే. పక్కన మనవాళ్లెవరైనా ఉంటే "ఇంకెంతసేపు?" అనేవాళ్లు. నేను సంచిలోంచి నోట్‌బుక్ తీసి ఆడవాళ్ల కడియాలు లెక్కపెట్టాను. ఎందుకని అడిగేవాళ్లు లేరు. ఆ రాళ్లు మన దగ్గరికి రావాలా అంటే, రావాలనే అంటాను. వచ్చేదాకా అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లు ఆ గదిలో ఒక గంట కూర్చోకుండా మమ్మీల దగ్గరే తిరిగి వచ్చేయడం మాత్రం నాకు నచ్చదు.

మరోరోజు చాక్ ఫార్మ్ స్టేషన్లో దిగి కింగ్ హెన్రీస్ రోడ్డులో 10 నంబరు ఇంటికి నడిచాను. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదువుతూ 1921-22లో అంబేడ్కర్ ఉన్న ఇల్లు అది. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొని మ్యూజియం చేసింది. చిన్న ఇల్లు, పెద్దగా జనం ఉండరు. మా స్కూల్లో ప్రతి ఏప్రిల్ 14కు పూలదండ పడే ఫొటోలోని మనిషి ఈ మెట్లు ఎక్కాడన్న ఆలోచన చాలు ఆ పూటకు.

అక్కడక్కడా ఊరికే కూర్చోవడం కూడా చూడటమే. మేఫెయిర్‌లో బర్కిలీ స్క్వేర్ అనే చిన్న పార్కులో 1789లో నాటిన ప్లేన్ చెట్లున్నాయి. చుట్టూ ఉన్న భవనాల ధర ఎంతో చెప్పక్కర్లేదు, చెట్లను ఎవరూ ముట్టుకోలేదు. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కోసం కోర్టుల దాకా వెళ్లిన మావాళ్లు గుర్తొచ్చారు.

గ్రీనిచ్‌ను ఆఖరుకు దాచుకున్నాను. డ్రైవరు లేని డీఎల్ఆర్ రైల్లో ముందు సీట్లో కూర్చుని ఐలాండ్ గార్డెన్స్‌లో దిగాలి. అక్కడ ఒక గుండ్రటి గోపురంలోంచి కిందికి దిగితే థేమ్స్ నది అడుగున కాలినడక సొరంగం. రేవులో పనికి వెళ్లే కూలీల కోసం 1902లో తెరిచారు. తెల్లటి పెంకులు, పైన నది. రుసుము లేదు. అవతలి ఒడ్డున తేలి గుట్ట ఎక్కితే అబ్జర్వేటరీ. 1675లో రెండో చార్లెస్ రాజు పెట్టించినది. 1884లో వాషింగ్టన్‌లో 25 దేశాలవాళ్లు కూర్చుని ఇక్కడి గీతనే సున్నా రేఖాంశమన్నారు. లోపలి ముంగిట్లో గీత మీద కాళ్లు చెరోవైపు పెట్టి ఫొటో తీసుకోవాలంటే టికెట్ కొనాలి. పక్కన గోడ కింది బాటలో కూడా అదే గీత ఉంది, అక్కడ ఎవరూ అడగరు.

పాఠంలో లేని సంగతి ఒకటి అక్కడ తెలిసింది. ఆ గీత మీద నిలబడి ఫోన్‌లో జీపీఎస్ చూస్తే సున్నా రాదు. ఇంకా తూర్పుకు 102 మీటర్లు నడవాలి. 1851లో ఇక్కడి ఖగోళ శాస్త్రవేత్త ఎయిరీ తన టెలిస్కోపును ఆ చోటి భూమ్యాకర్షణ లాగే దిక్కును బట్టి నిలువుగా నిలిపాడు. కొండలు, రాళ్లు అన్నిచోట్లా ఒకేలా ఉండవు కాబట్టి ఆ నిలువు కొద్దిగా ఒరుగుతుంది. ఉపగ్రహాలు భూమి మొత్తానికి నడిబొడ్డు నుంచి కొలుస్తాయి. రెండూ తమ లెక్కలో సరైనవే. నేను ఆ 102 మీటర్లూ గడ్డిలో నడిచాను. సున్నా వచ్చిన చోట బోర్డు లేదు, ఒక చెత్తబుట్ట, కుక్కను తిప్పుతున్న ముసలాయన ఉన్నారు. అక్కడి నుంచి మా బిడ్డకు కాకుండా మా పాత హెడ్‌మాస్టర్‌గారికి ఫోన్ చేశాను. "ఐదున్నర గంటల తేడానే కదా టీచర్?" అన్నారు. "ఎండాకాలం గడియారం ముందుకు జరుపుతరు సార్, ఇప్పుడు నాలుగున్నరే" అన్నాను. మన ఐదున్నర గంటల లెక్క పుట్టే 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడ దగ్గరగా పోతుంది.

జాగ్రత్తల విషయానికొస్తే, అక్కడ మెడలో గొలుసుకన్నా చేతిలో ఫోనుకు ఎక్కువ ప్రమాదం. ఈ-బైకుల మీద వచ్చి లాక్కుపోయేవాళ్లున్నారు. దారి చూసుకోవాలంటే గోడ వైపు తిరిగి చూసుకోవడం మేలు. పోలీసుకు 999. ఇంటి చిరునామా, బిడ్డ నంబరు కాగితం మీద రాసి జాకెట్టు లోపలి జేబులో పెట్టుకున్నాను. ఫోను ఆగిపోతే కాగితమే గతి. ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడాలి, ఎడమవైపు పరిగెత్తేవాళ్లది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుగుంటుంది, డిసెంబరులో నాలుగుకే చీకటి, కాబట్టి నెలను బట్టి బయలుదేరాలి. మధ్యాహ్నానికి పులిహోర డబ్బా. పార్కుల్లో కొన్నిచోట్ల మడత కుర్చీలకు డబ్బులడుగుతారు, బల్లలకు అడగరు.

మా వీధిలో ఒకావిడ వచ్చే నెల కొడుకు దగ్గరికి, లండన్‌కే వెళ్తున్నారు. అమరావతి గది గురించి, సున్నా గీత గురించి అంతా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగారు: "అవన్నీ సరే టీచరమ్మా, బయట పొద్దుందాక తిరిగితే బాత్రూముకు ఎట్ల?"

అసలు ప్రశ్న అదే. ఆడవాళ్లు ఇంట్లో ఉండిపోయేది సగం దానికే. ఉచిత మ్యూజియాలన్నిటిలో శుభ్రమైనవి ఉంటాయి, సంతకాలూ టికెట్లూ అడగరు. పెద్ద రైల్వే స్టేషన్లలో ఒకప్పుడు నాణెం వేయాల్సి వచ్చేది, 2019లో ఆ రుసుము తీసేశారు. భూగర్భ రైలు స్టేషన్లలో మాత్రం అన్నిచోట్లా ఉండవు, వాటిని నమ్ముకోవద్దు. ఆవిడకు ఒక కాగితం మీద రాసిచ్చాను: బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, కింగ్స్ క్రాస్, లండన్ బ్రిడ్జ్, వాటర్లూ.