‘గ్యాసే’ అన్నారు... ఎనిమిది నెలలు గడిచాయి

కడుపు బాధకు రెండో వైద్యుణ్ణి అడగడం తప్పు కాదు

వినుకొండ (విలేకరి): పల్లెల్లో కడుపుకు ఏం వచ్చినా పేరు ఒక్కటే, గ్యాస్. తిన్నది అరక్కపోతే గ్యాస్, గుండెల్లో మండితే గ్యాస్, వీపు పట్టేసినా గ్యాసే. మందుల షాపుకు పోయి ‘గ్యాస్ బిళ్ళ’ అని అడిగితే చాలు, చేతిలో పెడతారు. చాలామందికి దానితోనే తగ్గిపోతుంది. మరి తగ్గనివారి మాటేమిటి?

ఈ ప్రాంతంలో మిరపకాయ కోతలకు వెళ్లే ఒక 52 ఏళ్ల మహిళ అనుభవం ఆ ప్రశ్నకు జవాబు చెబుతుంది. పేరు రాయవద్దని ఆమె కోరారు.

రెండేళ్ల కిందట ఆమెకు పొట్ట పైభాగాన మంట మొదలైంది. రెండు ముద్దలు తింటే కడుపు నిండినట్టుండేది. తెల్లవారుజామున నొప్పితో మెలకువ వచ్చేది. పట్నంలోని ఒక ప్రైవేటు డాక్టరుకు చూపించుకున్నారు. ఆయన కూర్చోబెట్టి నాలుగు మాటలు అడిగి, “గ్యాసేనమ్మా, కారం తగ్గించు, ఆలోచనలు తగ్గించు” అని మందులు రాశారు. నెలకోసారి చొప్పున ఎనిమిది నెలలు తిరిగారు. ప్రతిసారీ అదే మాట, అవే బిళ్ళలు. పొట్ట మీద చెయ్యి వేసి చూసింది లేదు, రక్తపరీక్ష రాసింది లేదు.

“బిళ్ళ వేసుకున్నన్నాళ్లు కాస్త నయంగా ఉండేది. ఆపితే మళ్లీ మొదలు. కారం మానేశాను, పప్పు మానేశాను. ఇంకేం మానాలో తెలియలేదు” అని ఆమె చెప్పారు.

తరువాత ఆయాసం వచ్చింది. నాలుగు సాళ్లు కోసేసరికి కళ్లు తిరిగేవి. దొడ్డికి నల్లగా అయ్యేది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. “మగ డాక్టరుతో అదెట్లా చెప్పను? పైగా రక్తం బిళ్ళలు వేసుకుంటే అట్లాగే అవుతుందని పక్కింటావిడ అన్నది” అంటారామె.

ఒక్క ప్రశ్న

ఒకరోజు చేలోనే పడిపోయారు. తమ్ముడు ఇక ఊరుకోలేదు. “అక్కా, ఇంకో డాక్టరుకు చూపిద్దాం” అంటే ఆమె ముందు ఒప్పుకోలేదు. ఇన్నాళ్లు చూసిన డాక్టరు ఏమనుకుంటాడో, రేపు మళ్లీ ఆయన దగ్గరకు పోవాల్సి వస్తే మొహం ఎట్లా చూపించాలి అన్నది ఆమె భయం. చివరకు గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.

అక్కడి యువ వైద్యురాలు ముందు కంటి కింది రెప్ప లాగి చూశారు. తెల్లగా పాలిపోయి ఉంది. తరువాత అడిగారు: “అమ్మా, గ్యాస్ బిళ్ళ సంగతి సరే, ఇంకేమేం బిళ్ళలు వేసుకుంటున్నావు?”

ఎనిమిది నెలల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మోకాళ్ల నొప్పులకు ఆమె కోతల కాలమంతా షాపులో కొన్న నొప్పి బిళ్ళలు రోజుకు రెండు వేసుకుంటున్నారు. దానికీ కడుపుకూ సంబంధం ఉంటుందని ఆమెకు తెలియదు. దొడ్డికి నల్లగా అవుతున్న సంగతి కూడా అప్పుడే బయటపెట్టారు.

పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 6 గ్రాములే ఉంది. ఆడవారికి కనీసం 12 ఉండాలి. రక్తం ఎక్కించారు. గొంతులోంచి గొట్టం వేసి చూసే ఎండోస్కోపీలో పుండు కనిపించింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి బయటపడింది. అది ఒకవైపు, నొప్పి బిళ్ళలు మరోవైపు, రెండూ కలిసి పుండు చేశాయి. పుండు నుంచి కొద్దికొద్దిగా రక్తం పోతూనే ఉంది. 14 రోజులు మందులు వాడి, నొప్పి బిళ్ళలు మానేశాక ఆమె కోలుకున్నారు.

డాక్టర్లే నమ్మని రోజులు

కడుపులో పుండుకు కారం, దిగులే కారణమని ఒకప్పుడు ప్రపంచమంతా అనుకున్నది. ఆస్ట్రేలియా వైద్యులు రాబిన్ వారెన్, బారీ మార్షల్ ఈ సూక్ష్మజీవిని 1982లో ప్రయోగశాలలో పెంచి చూపించారు. పుండుకు ఇదే మూలమంటే తోటి వైద్యులు నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. పెద్ద పెద్ద డాక్టర్లే తమ అభిప్రాయం మార్చుకోవాల్సి వచ్చిన చోట, మనం ఇంకొకరిని అడిగితే తప్పేముంది?

ఎప్పుడు ఊరుకోకూడదు?

అజీర్తితో బాధపడే వారిలో ఎక్కువమందికి ప్రమాదమేమీ ఉండదు. మొదట గ్యాస్ మందు ఇచ్చి చూడటమూ తప్పు కాదు. తగ్గకపోయినా మళ్లీ పరీక్షించకపోవడమే తప్పు. గ్యాస్ బిళ్ళ నొప్పిని అణచిపెడుతుంది. లోపల ఉన్న పుండు గానీ, గడ్డ గానీ కొంతకాలం బయటపడకుండా పోవచ్చు.

కారణం లేకుండా బరువు తగ్గడం, ముద్ద గొంతు దిగకపోవడం, వాంతులు ఆగకపోవడం, వాంతిలో రక్తం లేదా కాఫీ పొడి రంగు కనిపించడం, దొడ్డికి తారులా నల్లగా జిగురుగా లేదా రక్తంతో కావడం, రక్తహీనత, పచ్చకామెర్లు, పొట్టలో గడ్డ చేతికి తగలడం, యాభై దాటాక కొత్తగా కడుపు బాధ మొదలుకావడం- వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ‘గ్యాస్’ అనే మాటతో సరిపెట్టుకోకూడదు. రక్తం బిళ్ళల వల్ల కూడా నల్లగా కావచ్చు. అదో ఇదో తేల్చవలసింది పక్కింటివారు కాదు, డాక్టరు.

పొట్ట పైభాగాన లేదా ఛాతీలో నొప్పితో పాటు చెమటలు, ఆయాసం ఉంటే రెండో డాక్టరును వెతుక్కునే సమయం కాదది. గుండెపోటు కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలి?

రెండో డాక్టరు దగ్గరకు వట్టి చేతులతో వెళితే కథ మళ్లీ మొదటికే వస్తుంది. పాత చీటీలు, రిపోర్టులు అన్నీ తీసుకెళ్లాలి. వాడుతున్న బిళ్ళల అట్టలు, షాపులో కొన్నవి, నాటు మందులతో సహా ఒక సంచిలో వేసుకుని చూపించాలి. బాధ ఎప్పుడు మొదలైంది, తింటే పెరుగుతుందా తగ్గుతుందా, ఎంత బరువు తగ్గారు అన్నవి కాగితం మీద రాసుకోవాలి. సిగ్గుపడి దాచవద్దు. అలాగని వారానికో డాక్టరును మార్చినా ప్రయోజనం లేదు. ఏ మందుకైనా కొన్నాళ్లు గడువివ్వాలి. ఎన్నాళ్లలో తగ్గాలి, తగ్గకపోతే ఏం చేయాలి అని మొదటి రోజే అడగాలి.

జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో రెండో వైద్యుని సలహా పొందడం ఒక హక్కు. ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకున్నవారు అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. ఈ సంగతి పల్లెల్లో చాలామందికి తెలియదు. ప్రతి ఆసుపత్రి గోడ మీద తెలుగులో రాసి పెడితే మేలు.

ఆ మహిళ ఈ ఏడు మళ్లీ కోతలకు వెళ్తున్నారు. చేలో ఎవరైనా కడుపు పట్టుకుని కూర్చుంటే ఆమె ఒకటే చెబుతున్నారు: “గ్యాసేనేమో, కాదేమో. బిళ్ళల సంచి పట్టుకుని ఇంకోసారి అడిగి రండమ్మా.”