వైరస్ కోసం వేసిన సెట్టింగు

సిడ్నీ వెస్ట్‌మీడ్‌లో మా అపార్ట్‌మెంట్ల పిల్లలకి వారాంతాల్లో కంప్యూటర్ గురించి నాలుగు ముక్కలు చెబుతుంటాను. ఇంటి కంప్యూటర్‌కి ఏ ఉచిత యాంటీవైరస్ వేసుకోవాలో కనుక్కు రమ్మని పెద్దవాళ్ళు పంపిన ప్రశ్నతో ఓసారి క్లాసు మొదలైంది. ఒక అమ్మాయి మాత్రం అంతకన్నా మంచి ప్రశ్న వేసింది: "అంకుల్, వైరస్‌ల ఆనవాళ్ళన్నీ యాంటీవైరస్ లోపలే ఉంటాయి కదా, మరి అది తననే వైరస్ అనుకోదా?"

అనుకోవచ్చు. తనని కాకపోయినా, పక్కదాన్ని అనుకున్న రోజులున్నాయి. ఒక కంపెనీ తన ఆనవాళ్ళని దాచకుండా మెమరీలో వదిలేస్తే, ఇంకో కంపెనీ స్కానర్ వచ్చి వైరస్ దొరికిందని గోల పెట్టేది. అందుకే వాటిని గిలకొట్టి దాస్తారు. ఒకే మిషన్లో రెండు యాంటీవైరస్‌లు వద్దనేది మాత్రం ముఖ్యంగా ఇంకో కారణానికి. తెరిచే ప్రతి ఫైలునీ ముందు నేను చూస్తానంటే నేను చూస్తానని రెండూ ఆపుతాయి. మిషన్ నత్తనడక పడుతుంది.

ఇంతకీ ఆనవాలంటే? 1987లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో పుట్టిన 'స్టోన్డ్' అనే వైరస్‌ని తీసుకోండి. ఫ్లాపీలో మొట్టమొదటి సెక్టరు 512 బైట్లు. ఫ్లాపీతో ఆన్ చేస్తే కంప్యూటర్ ముందుగా నడిపేది ఆ 512 బైట్లనే. స్టోన్డ్ అసలు సెక్టరుని వేరేచోటికి నెట్టేసి తాను అక్కడ కూర్చునేది. సుమారు ఎనిమిదిసార్లలో ఒకసారి మీ పీసీ మత్తులో ఉందని తెర మీద కబురు కూడా పెట్టేది. మెల్‌బోర్న్‌లో చిషోమ్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే రోజర్ రియోర్డాన్ 1989లో దాన్ని వదిలించడానికి రాసిన ప్రోగ్రామే 'వెట్', ఆస్ట్రేలియా సొంత యాంటీవైరస్. పని తేలికే, ఎందుకంటే స్టోన్డ్ ఏ ఫ్లాపీలో చేరినా అవే బైట్లు, అదే వరస. అందులోంచి ఓ పదహారు బైట్లు ఎంచుకుని, ఆ వరస ఎక్కడుందో వెతికితే చాలు.

వైరస్‌లు రాసేవాళ్ళు ఊరుకుంటారా? తెర మీది అక్షరాల్ని జలజలా కిందికి రాల్చే 'కాస్కేడ్' తన ఒంటిని గుప్తలిపిలోకి మార్చుకునేది. తాళంచెవి ఆ ఫైలు పొడవుని బట్టి ఉండేది గనక ఫైలుకో రూపు. కాకపోతే ఆ లిపిని విప్పే చిన్న ముక్క మాత్రం ముందు భాగంలో మారకుండా ఉండిపోయింది. స్కానర్లు దాన్నే పట్టుకున్నాయి.

ఇక్కడే బల్గేరియా కథ. సోఫియాలో 'డార్క్ అవెంజర్' అనే మారుపేరు మనిషి, అతన్ని వెంటాడే వైరస్ పరిశోధకుడు వెసెలిన్ బోంచెవ్. ఇద్దరికీ పడదు. డార్క్ అవెంజర్ తన వైరస్ ఒకదానిలో, అది రాసింది బోంచెవ్ అన్నట్టు అతని పేరే పెట్టాడు. పైగా ఆ పేరున్న ప్రోగ్రామ్ తగిలితే కంప్యూటర్ బిగుసుకుపోయేలా చేశాడు, బోంచెవ్ చేసిన యాంటీవైరస్ పనిముట్లు నడవకూడదని! 1992 నాటికి అతని మ్యుటేషన్ ఇంజన్ బయటికొచ్చింది. ఇది విప్పే ముక్కనీ ప్రతిసారీ కొత్తగా రాసేస్తుంది. ఒకటి కలపాలంటే నేరుగా కలపొచ్చు, రెండు కలిపి ఒకటి తీసెయ్యొచ్చు, మధ్యలో అక్కరలేని లెక్కలు నాలుగు దూర్చొచ్చు. ఫలితం ఒకటే, బైట్లు వేరు. వెతకడానికి మారని వరసంటూ ఏమీ మిగల్లేదు.

దీనికి దొరికిన విరుగుడంటే నాకు వల్లమాలిన ఇష్టం. వైరస్‌ని నడవనిద్దాం అన్నారు! అయితే నిజం కంప్యూటర్లో కాదు. రామోజీ ఫిల్మ్ సిటీలో వేసే ఇంటి సెట్టింగు లాంటిదాన్లో: గుమ్మం ఉంటుంది, గదులుండవు. ఎమ్యులేటర్ అంటే అదే. దాని రిజిస్టర్లు ఉత్త అంకెలు, మెమరీ ఒక పట్టిక. అనుమానమున్న ప్రోగ్రామ్ నుంచి ఒక్కో ఆదేశాన్నే చదివి, దాని ఫలితాన్ని ఆ పట్టికలో మాత్రమే రాస్తుంది. వైరస్ అది నిజమనుకుని తన గుప్తలిపిని తానే విప్పుకుంటుంది. విప్పుకోక తప్పదు, లేకపోతే దాని పని జరగదు. పట్టికలో అసలు ఒళ్ళు బయటపడగానే మన పాత పదహారు బైట్ల వెతుకులాట మళ్ళీ పనికొస్తుంది. మారువేషం ఎంత గొప్పదైనా తీసేది వేసుకున్నవాడే. ఇంత హాయైన ఎత్తు ఈ రంగంలో నాకింకోటి కనబడలేదు.

దానికీ పైఎత్తు వేశారు. ముందు లక్షలసార్లు ఉత్తినే తిరిగి, ఆ తర్వాతే విప్పుకోవడం. స్కానర్ రెప్పపాటులో తేల్చాలి, అంతసేపు ఆగలేదు. అసలు అన్ని వైరస్‌లనీ తప్పు లేకుండా పట్టే ప్రోగ్రామ్ అసాధ్యమని ఫ్రెడ్ కోహెన్ 1980లలోనే చూపించాడు. అలాంటిది ఉందనుకోండి. నేను రాసే ప్రోగ్రామ్ ముందు దాన్నే అడుగుతుంది. 'నువ్వు వైరస్‌వి' అంటే బుద్ధిగా కూర్చుంటుంది, 'కాదు' అంటే వ్యాపిస్తుంది. ఏం చెప్పినా తప్పే.

మిగతా చరిత్ర గబగబా చెప్పేస్తాను. వెట్‌ని 1999లో కంప్యూటర్ అసోసియేట్స్ కొనేసింది. ప్రేగ్ నగరపు అవాస్ట్ యాంటీవైరస్ ఇళ్ళకి ఉచితంగా వచ్చింది. మైక్రోసాఫ్ట్ 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్ ఇచ్చింది, విండోస్ 8 నుంచి డిఫెండర్ పేరుతో విండోస్‌లోనే కలిపేసింది. ఇప్పుడు తేలనివాటిని కంపెనీ సర్వర్లని అడిగి తేలుస్తారు.

ఉచితం అంటే ఖర్చు ఎవరు పెడుతున్నారో అడగాలి. ఉచిత రకంలో కూడా పట్టే ఇంజన్ సాధారణంగా డబ్బు రకంలోదే, తేడా అదనపు హంగుల్లో. కానీ వాడేవాళ్ళు ఏ సైట్లు చూశారన్న సమాచారాన్ని అవాస్ట్ తన అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా అమ్మింది. 2020లో గొడవై ఆ సంస్థని మూసేసింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అవాస్ట్‌కి 1.65 కోట్ల డాలర్లు వడ్డించింది.

అందుకని పెద్దవాళ్ళ ప్రశ్నకి నా జవాబు: విండోస్ 11 ఉన్న ఇంటికి డిఫెండర్ చాలు. ఇంకోటి వేస్తే అది పక్కకి తప్పుకుంటుంది, కాబట్టి వేసేదేదో ఒకటే వెయ్యండి, కంపెనీ సొంత సైటు నుంచే తీసుకోండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్‌లోని కన్నాలు పూడ్చడం యాంటీవైరస్ పని కాదు గనక ముందు ఆ సంగతి చూసుకోండి. బ్రౌజర్లో ఎర్రటి పెట్టె పాపప్ అయి, వైరస్‌లున్నాయి, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అంటే అది యాంటీవైరస్ కానే కాదు. ఫోన్ చెయ్యకండి, బ్రౌజర్ మూసేసి ఆస్ట్రేలియా ప్రభుత్వపు స్కామ్‌వాచ్‌కి తెలియజెయ్యండి. ఊరినుంచి మనవల కోసం వచ్చి ఇంట్లో ఒంటరిగా లాప్‌టాప్ ముందు కూర్చునే అమ్మానాన్నలకి ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పండి.