జన్యుమార్పిడి ఆహారం: మేలెంత? కీడెంత?

తెలుగువారి వంటింట వంకాయకు ఉన్న ఆదరణ మరే కూరగాయకూ లేదు. ఆయుర్వేదంలో దీనికి వృంతాకం, వార్తాకం అని పేర్లు. లేత వంకాయ కఫ పిత్తాలను శమింపజేస్తుందని, ముదిరినది పిత్తాన్ని పెంచుతుందని భావప్రకాశం చెబుతున్నది. లేతకూ ముదురుకూ మధ్యనే ఇంత భేదం ఉన్నప్పుడు, విత్తనంలోనే మార్పు చేసిన వంకాయ మాటేమిటి? 2009 అక్టోబరులో కేంద్ర జన్యు ఇంజనీరింగ్ ఆమోద సంఘం బి.టి. వంకాయకు అనుకూలత తెలిపినప్పుడు దేశమంతటా తలెత్తిన ప్రశ్న ఇదే. హైదరాబాదుతో సహా ఏడు నగరాలలో ప్రజాభిప్రాయాన్ని సేకరించిన పిమ్మట, 2010 ఫిబ్రవరి 9న నాటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ దాని సాగును నిలిపివేశారు. ఆ నిలుపుదల నేటికీ తొలగలేదు.

జన్యుమార్పిడి అంటే ఏమిటి?

ఒక జీవిలోని జన్యువును మరొక జీవిలో ప్రవేశపెట్టి, కోరిన గుణాన్ని పొందడమే జన్యుమార్పిడి. నేలలో సహజంగా నివసించే బాసిల్లస్ తురింజెన్సిస్ అనే సూక్ష్మజీవి ఒక విధమైన మాంసకృత్తును తయారు చేస్తుంది. దాని జన్యువును వంగమొక్కలో చేర్చినందున, కాయతొలుచు పురుగు ఆ మొక్కను తిన్నంతనే చనిపోతుంది. పురుగు పేగులోని క్షారగుణం వల్ల ఆ మాంసకృత్తు విషమై పనిచేస్తుంది. మానవుని జీర్ణాశయంలో ఉండేది ఆమ్లం. అది అతుక్కొని పనిచేయడానికి కావలసిన ఏర్పాటు మన పేగులలో లేదు.

మేలు

కాయతొలుచు పురుగు నివారణకు రైతులు ఒక్క పంటకాలంలోనే అనేక పర్యాయాలు మందులు చల్లుతారు. ఆ విషశేషాలు కొంతవరకు మన కంచంలోకీ వస్తాయి. 2013లో బి.టి. వంకాయకు అనుమతినిచ్చిన బంగ్లాదేశ్‌లో పురుగుమందుల వాడకం తగ్గినట్లు క్షేత్ర పరిశీలనలు తెలిపాయి. విపణిలో ఉన్న జన్యుమార్పిడి ఆహారం సాధారణ ఆహారం కంటె ఎక్కువ హాని చేస్తున్నట్లు ఆధారాలు లభించలేదని 2016లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీల నివేదిక పేర్కొన్నది.

కీడు

అంతమాత్రాన ప్రతి మార్పిడీ నిరపాయమని భావించరాదు. బ్రెజిల్ దేశపు ఒక గింజలోని జన్యువును సోయాలో చేర్చగా, ఆ గింజ పడనివారికి ఈ సోయా కూడా పడదని 1996లో ప్రచురితమైన పరీక్షలు రుజువు చేశాయి. ఆ సోయా విపణికి రాలేదు. పరీక్ష జరిగినందువల్లనే ప్రమాదం బయటపడిందన్నది ఇక్కడ గ్రహించవలసిన విషయం.

రెండవది పొలంలో కలిగే నష్టం. 2002లో మన దేశానికి వచ్చిన బి.టి. పత్తి తొలినాళ్లలో పురుగును అదుపు చేసింది. కాలక్రమంలో గులాబీ రంగు పురుగు దానిని తట్టుకునే శక్తిని సంపాదించింది. రైతు మళ్లీ మందులనే ఆశ్రయించవలసి వచ్చింది. వంగకు మన దేశం పుట్టినిల్లు వంటిది. కొత్త విత్తనాల పుప్పొడి వల్ల నాటు రకాలు కలుషితమవుతాయన్న ఆందోళనా త్రోసిపుచ్చదగినది కాదు.

మన వంటింటి సంగతి

మన దేశంలో వాణిజ్యపరంగా సాగవుతున్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే. అయితే పత్తిగింజల నూనె వంటలకు వాడుకలో ఉన్నది. అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుండి దిగుమతి అయ్యే సోయా నూనె కూడా అధికభాగం అటువంటి పంట నుండి వచ్చినదే. శుద్ధి చేసిన నూనెలో మాంసకృత్తులు దాదాపు ఉండవు కనుక భయపడనవసరం లేదు. కాని తెలుసుకొని కొనే హక్కు గృహిణికి ఉండాలి. జన్యుమార్పిడి ఆహారపు పొట్లాలపై ‘జి.ఎం.’ అని ముద్రించాలన్న నియమం 2013 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినా, ఆ అక్షరాలు అంగళ్లలో కనిపించడం అరుదు.

పాటించదగినవి

1. నూనె పొట్లంపై అది ఏ గింజల నూనెయో చదివి కొనండి. వద్దనుకునేవారికి నువ్వులు, వేరుశనగ, కొబ్బరి నూనెలు ఉన్నాయి. వీటిలో జన్యుమార్పిడి రకాలు వాణిజ్య సాగులో లేవు.

2. వంకాయలను ధారగా పడే నీటిలో రుద్ది కడగండి. పైనున్న మందు కొంత పోతుంది. లోనికి ఇంకినది పోదు.

3. పథ్యంలో ఉన్నవారికి, దురదలు, దద్దుర్లు ఉన్నవారికి వంకాయ పెట్టకపోవడం మన ఇళ్లలోని ఆచారం. విత్తనం ఏదైనా ఈ జాగ్రత్త విడువరాదు.

4. ఏ ఆహారమైనా పడలేదని తోస్తే తినడం మానండి. ఆయాసం, ముఖవాపు కనిపిస్తే ఇంటివైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఆయుర్వేదం ఏ ద్రవ్యాన్నీ పేరు చూసి నిర్ణయించదు. రసం, గుణం, వీర్యం, విపాకం పరీక్షించి గాని పథ్యమో అపథ్యమో చెప్పదు. జన్యుమార్పిడి ఆహారానికీ అదే న్యాయం వర్తించాలి. ఏ పంట, ఏ జన్యువు, ఎవరు పరీక్షించారు, ఎంతకాలం పరీక్షించారు అని అడగడం మన బాధ్యత. దాచకుండా సమాధానం చెప్పడం ప్రభుత్వానికీ, విత్తన సంస్థలకూ విధి.