యుద్ధం ఫొటోలో సైనికులేరీ?

యుద్ధం ఫొటో అనగానే మీకు ఏం తోస్తుంది? తుపాకులు, పొగ, పరుగులుతీసే సైనికులు. కాని 1849లో స్టెఫానో లెక్కి అనే ఇటలీ దేశస్థుడు రోము నగరంలో తీసిన ఫొటోలలో పోరాటమనేదే కానరాదు. మొండిగోడలు, కూలిన మేడలు, రాళ్ల గుట్టలు ఉంటాయి. యుద్ధనష్టాన్ని చూపే ఫొటోలలో ఇవి తొలి వరుసలోనివి.

ఆ ఏడు ఫిబ్రవరిలో రోములో పోపు పాలనను తొలగించి గణతంత్రాన్ని ప్రకటించారు. పోపును మళ్లీ గద్దెనెక్కించడానికి ఫ్రెంచి సైన్యం వచ్చింది. గారిబాల్డి, అతని అనుచరులు నగరానికి పడమటనున్న జానికులం కొండమీద నిలిచి పోరాడారు. జూన్ నెలంతా ఫిరంగులు మోగాయి. జూలై 3న ఫ్రెంచివారు నగరంలో ప్రవేశించారు. లెక్కి ఫొటోలు తీసింది పోరాటం ముగిశాకనే.

ముందే వెళ్లి ఉన్నా సైనికుల పరుగులు ఆయన ఫొటోలో పడేవి కావు. ఎందుకో చూద్దాం.

అప్పట్లో ఫిల్ము లేదు. మంచి కాగితానికి వెండి లవణమైన సిల్వర్ అయొడైడ్‌ను పట్టించి, సిల్వర్ నైట్రేట్, గాలిక్ ఆమ్లం కలిపిన ద్రావణం పూసి, కెమెరాలో పెట్టేవారు. వెలుగు సోకినచోట లవణంలో మార్పు మొదలవుతుంది. కాని ఆ మార్పు కంటికి కనబడదు. మళ్లీ అదే ద్రావణం పూస్తే అక్కడ నల్లని వెండి తేలి బొమ్మ బయటపడుతుంది. మిగిలిన లవణాన్ని హైపోతో కడిగేస్తారు. ఇది నెగెటివ్. దీనికింద ఉప్పునీటిలో తడిపి ఆరబెట్టి, సిల్వర్ నైట్రేట్ పూసిన మరో కాగితం ఉంచి ఎండలో పెడితే అసలు ఫొటో వస్తుంది. ఆ ఉప్పు మన వంటింటి ఉప్పే!

చిక్కంతా కాలంతోనే. కెమెరాలోని కాగితం మీద బొమ్మ పడాలంటే ఎండలో కూడా ఒక నిమిషం, ఒక్కోసారి కొన్ని నిమిషాలు పట్టేది. పచ్చగడ్డిమీద ఒక ఇటుకను వారం రోజులు కదపకుండా ఉంచండి. కింది గడ్డి తెల్లబడుతుంది. అదే ఇటుకను గంటకొక చోటికి జరుపుతూ పోతే ఏ మచ్చా మిగలదు. పరుగెత్తే సైనికుడూ అంతే. గోడ మాత్రం కదలదు కదా!

లెక్కి ఫొటోలలో వాసెల్లో అనే మేడ ఉంది. ఆ మాటకు ఇటలీ భాషలో ఓడ అని అర్థం. ఓడను పోలి ఉండడంచేత ఆ పేరు వచ్చింది. 17వ శతాబ్దంలో దాన్ని రూపొందించింది ప్లౌటిల్లా బ్రిచ్చి అనే మహిళ. (ఆ రోజుల్లో ఒక స్త్రీ మేడకు నమూనా గీయడం ఎంత అరుదో ఊహించండి!) ఫ్రెంచివారి ఫిరంగి గుండ్లకు ఆ ఓడ శిథిలమైపోయింది.

ఫొటోను నేరుగా పత్రికలో అచ్చువేసే పద్ధతి అప్పటికి రాలేదు. చిత్రకారులే యుద్ధం బొమ్మలు గీసేవారు. వారు కావలసినచోట పొగను, గుర్రాలను, వీరులను కలపగలరు. లెక్కి కాగితం అలా కలపలేదు. అందుకే గోడ ఎక్కడ విరిగిందో తెలియాలంటే నేను ఫొటోనే నమ్ముతాను. అయితే ఆ గోడల మధ్య ఎందరు చనిపోయారో, అంతకుముందు అక్కడ ఎవరు నివసించారో ఫొటో చెప్పదు.

ఆ ఫొటోలలో 41 రోములోని ఒక చరిత్ర గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.