అక్షరం ఆగినచోట సిరా: గావో షింగ్జియన్ ప్రకృతి చిత్రాలు

చైనా సంప్రదాయంలో కవిత్వం, లిపికళ, చిత్రకళ ఒకే కుంచెకు చెందిన విద్యలు. తాంగ్ యుగపు కవి వాంగ్ వెయ్ కవిత్వంలో చిత్రాన్నీ, చిత్రంలో కవిత్వాన్నీ సోంగ్ యుగపు సు షి దర్శించాడు. అనంతర కాలపు పండిత చిత్రకారులు ప్రకృతి చిత్రం మీదనే పద్యం లిఖించేవారు. చూపరికి ఆ పద్యమే దారి చూపేది.

2000లో సాహిత్య నోబెల్ పురస్కారం పొందిన గావో షింగ్జియన్ (జ. 1940) ఈ సంప్రదాయం నుండి సిరాను, కాగితాన్ని స్వీకరించి, పద్యాన్ని విడిచిపెట్టారు. 2003లో ఫ్రాన్సులోని మార్సెయ్ నగరం ఆయన పేర జరిపిన సంవత్సరోత్సవంలో భాగంగా ఏర్పాటైన ఏకవ్యక్తి చిత్రప్రదర్శన ఆయన సిరా కళను విస్తృతంగా పరిచయం చేసింది. నలుపు, తెలుపు, వాటి నడుమ బూడిదఛాయలు. కొండో మేఘమో తేలని రూపాలు. అక్కడక్కడ ఒక ఒంటరి మానవాకృతి.

యాంగ్సీ తీర సంచారం నుండి పుట్టిన ‘లింగ్‌షాన్’ (ఆత్మపర్వతం, 1990) నవలకు ఇవి దృశ్యానువాదాలని భావించడం సులభం, కాని సమంజసం కాదు. నవలలో ‘నేను’, ‘నీవు’, ‘ఆమె’ అనే సర్వనామాలు ఒకే చైతన్యాన్ని విభజించి మాట్లాడిస్తాయి. చిత్రంలో సర్వనామానికి చోటు లేదు. చూస్తున్నది ఎవరో నిర్ణయించే వ్యాకరణమూ లేదు. భాష చాలనిచోట చిత్రం మొదలవుతుందన్నది గావో దృక్పథం.

కనుక అడివి బాపిరాజు, సంజీవదేవ్ వంటి తెలుగు రచయిత-చిత్రకారులను అధ్యయనం చేసే పరిశోధకులు కూడా చిత్రంలో రచనను వెదకడంతో ఆగక, రచన ఎక్కడ మౌనం వహించిందో గుర్తించవలసి ఉంటుంది.