జమాదారు రూపాయి

1982 నవంబరులో ఢిల్లీలో జరిగిన తొమ్మిదవ ఆసియా క్రీడలను తలచుకొనగానే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, ఫ్లైఓవర్లు, ఏనుగు పిల్ల అప్పు మన కళ్ళ ముందు మెదలుతాయి. వాటిని నిర్మించిన కూలీల వేతనం సంగతి చాలామందికి తెలియదు. ఆనాటి కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టర్లు ఆ సొమ్మును రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒరిస్సాల నుండి కూలీలను తెచ్చిన జమాదార్లకు ఇచ్చేవారు. జమాదారు తలకొక రూపాయి కమీషను మినహాయించుకొనగా కూలీ చేతికి 8 రూపాయల 25 పైసలే దక్కేవి.

పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రాటిక్ రైట్స్ వ్రాసిన లేఖనే సుప్రీంకోర్టు పిటిషన్‌గా స్వీకరించింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకొనుట రాజ్యాంగం 23వ అధికరణంలో నిషేధించిన నిర్బంధ శ్రమయేనని 1982 సెప్టెంబరు 18న జస్టిస్ భగవతి ధర్మాసనం తీర్పు చెప్పింది. పనిని కాంట్రాక్టరుకు అప్పగించినంత మాత్రాన ప్రభుత్వం, ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ బాధ్యత నుండి తప్పుకొనజాలవన్నది కూడా అందులోని మాటే. ప్రభుత్వ రంగంలో ఉన్న మనకు ముఖ్యమైనది ఇదే. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చినా, ఢిల్లీలో దాని నిబంధనలు వెలువడినది 1982 జూన్‌లో, అనగా క్రీడలకు అయిదు నెలల ముందు!

ఇటీవలి సంస్కరణలకూ ఇట్టి జాప్యం తప్పలేదు. 29 చట్టాలను కలిపిన నాలుగు కోడ్‌లను 2019, 2020లలో పార్లమెంటు ఆమోదించగా, అవి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చాయి. కనీస వేతనం ఇప్పుడు షెడ్యూలులోని వృత్తులకే గాక అన్ని వృత్తులకూ వర్తిస్తుంది. నియామక పత్రం ఇవ్వవలె. నిర్ణీత కాలపు ఉద్యోగికి ఏడాది సేవకే గ్రాట్యుటీ కలదు. ఇవి మేలైన మార్పులే. కాని కాంట్రాక్టు శ్రామిక నిబంధనలు వర్తించడానికి పూర్వం 20 మంది చాలు. ఇప్పుడు 50 మంది ఉండవలె. 30 మంది కాంట్రాక్టు కూలీలే ఉన్న సంస్థకు ఆ అధ్యాయం రక్షణ లేదు. ఈ అంకెను తగ్గించవలెనని మా అభిప్రాయం.

1970 నాటి కాంట్రాక్టు శ్రామిక చట్టం ప్రకారం వేతనాల పంపిణీ ప్రధాన యజమాని ప్రతినిధి సమక్షంలో జరుగవలసి ఉండేది. సైటు ఇంజనీర్లమైన మాలో పలువురు ఆ రిజిస్టర్లలో సంతకాలు చేసినవారమే. నేడు వేతనం బ్యాంకు ఖాతాకు చేరుతున్నది. బిల్లు పాసు చేసే ముందు నోయిడాలోనైనా, ఫరీదాబాద్‌లోనైనా అడిగి తెలుసుకొనవలసినది మరొకటి ఉన్నది: ఆ ఏటీఎం కార్డు కూలీ వద్దనే ఉన్నదా, జమాదారు జేబులో ఉన్నదా? పాలమూరు ముఠా వచ్చినప్పుడు ఆ ప్రశ్న మనమే తెలుగులో అడుగవచ్చును.