2,14,74,83,647 ప్రధాన సంఖ్యయని ఎట్లు తెలిసినది?

97 ప్రధాన సంఖ్య అగునా, కాదా యని అడిగినచో విద్యార్థి 2, 3, 5, 7లతో భాగించి చూచి వెంటనే చెప్పగలడు. 97నకు కారణాంకములున్నచో వానిలో ఒకటి దాని వర్గమూలమును మించదు గనుక ఈ నాలుగు భాగహారములు చాలును.

మరి 2³¹−1, అనగా 2,14,74,83,647 సంగతి యేమి? దీని వర్గమూలము 46,341కి కొంచెము తక్కువ. అంతవరకు గల ప్రధాన సంఖ్యలు సుమారు 4,800. అన్నిటితోను చేతితో భాగించుట ఎవరి తరము? ఘాతము ప్రధాన సంఖ్యయైనంత మాత్రమున ఫలితము ప్రధాన సంఖ్య కానక్కరలేదు. 2¹¹−1=2047; ఇది 23×89.

దాదాపు చూపు కోల్పోయిన ఆయిలర్ 1772లో ఈ చిక్కును విడదీసెను. ఆయన త్రోవ ఇట్టిది.

క అను ప్రధాన సంఖ్య మన సంఖ్యను నిశ్శేషముగా భాగించుననుకొందము. అప్పుడు 2³¹ను క చే భాగించిన 1 శేషించును. 2 యొక్క (క−1)వ ఘాతమును భాగించినను 1 శేషించునని ఫెర్మా సిద్ధాంతము. 1 శేషమిచ్చు కనిష్ఠ ఘాతము ఈ రెండు ఘాతములను భాగింపవలెను. 31 ప్రధాన సంఖ్య గనుక అది 1 గాని 31 గాని కావలెను. 1 కాజాలదు; కావున 31. అనగా క−1 అను సంఖ్య 31 చే భాగింపబడును. క బేసి సంఖ్య గనుక 62 చేతను భాగింపబడును.

మరియు 2¹⁶ యొక్క వర్గమును క చే భాగించిన 2 శేషించును. అట్లు జరుగవలెనన్న, క ను 8 చే భాగించినపుడు శేషము 1 గాని 7 గాని కావలెనని మరియొక సిద్ధాంతము.

ఈ రెండు నియమములను కలిపి చూచినచో, క యొక్క రూపము 248న+1 లేక 248న+63 కావలెను. 46,340 వరకు ఇట్టి రూపముగల ప్రధాన సంఖ్యలు 84 మాత్రమే! మొదటిది 311, దానితో భాగించిన 35 మిగులును. ఏ ఒక్కటియు నిశ్శేషముగా భాగింపలేదు. కావున 2³¹−1 ప్రధాన సంఖ్యయే.

ఈ సంఖ్యను 2³⁰తో గుణించిన పరిపూర్ణ సంఖ్య వచ్చును. అనగా తనకంటె చిన్నవైన తన భాజకములన్నిటి మొత్తమునకు సమానమగు సంఖ్య. 28 అట్టిదే: 1+2+4+7+14. ఇట్టివి కుతూహలమునకే గాని ఉపయోగమునకు గావు గనుక ఇంతకుమించిన పరిపూర్ణ సంఖ్యను ఎవరును కనుగొనబోరని 1811లో బార్లో వ్రాసెను. 1876లో లూకా 39 అంకెల 2¹²⁷−1 ప్రధాన సంఖ్యయని చూపెను. 2024లో కనుగొన్న ప్రధాన సంఖ్యకు నాలుగు కోట్లకు పైగా అంకెలు కలవు. ఇక 2³¹−1 అన్ననో, 32 ద్వ్యంకముల కంప్యూటరు గణనలో ధన, ఋణ సంఖ్యలు రెండింటిని వాడునపుడు పట్టు గరిష్ఠ సంఖ్యగా నేడు నిత్యోపయోగములోనున్నది.

ఉపాధ్యాయులు 2047 కారణాంకములతో ఈ రెండు నియమములను నల్లబల్లపై సరిచూపవచ్చును. 23లోను 89లోను 1 తీసివేసిన 22 యొక్క గుణిజములే వచ్చును. 8 చే భాగించిన శేషములు 7, 1. విద్యార్థులు 311 తరువాతి అభ్యర్థియైన 1303తో మన సంఖ్యను భాగించి చూడవలెను. 226 మిగిలినచో లెక్క సరియే.